టోటల్ కొలెస్ట్రాల్ 188 అంటే నార్మలేనా? దేశంలో 81 శాతం మందికి తేడా ఉందన్న మాట నిజమేనా?

చదివేవాళ్ల కోసం ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. మీకు 41 ఏళ్లు. ఆఫీసు తరఫున చేయించిన పరీక్షల్లో టోటల్ కొలెస్ట్రాల్ 188, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అంటారే, అది) 34, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 210, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్ అనేది) 112 వచ్చాయి. 200 లోపే ఉంది, భయం లేదని ల్యాబులో అన్నారు. మీ నాన్నగారికి 52వ ఏట గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు, ఈమధ్య ఆయన రిపోర్టు నార్మల్ వచ్చిందని కొలెస్ట్రాల్ మాత్ర మానేశారు. ఇంకోపక్క మన దేశంలో పెద్దవాళ్లలో 81 శాతం మందికి కొలెస్ట్రాల్ తేడాగా ఉందని వార్తల్లో చూశారు. ఏది నమ్మాలి, నేనూ మాత్ర వేసుకోవాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. 81 శాతం అంకె నిజమే, కానీ నూటికి 81 మందికి కొలెస్ట్రాల్ ఎక్కువుందని దానర్థం కాదు. మీ 188 కూడా నిజమే, అలాగని మీ గుండెకు ఢోకా లేదని చెప్పడానికి వీల్లేదు. మీ విషయంలో అసలు చూడాల్సిన అంకె ల్యాబువాళ్లు ఇచ్చిన కాగితం మీద లేదు. 188లోంచి 34 తీసేయండి, 154 వస్తుంది. దాన్ని నాన్-హెచ్‌డీఎల్ అంటారు. మీ నాన్నగారి సంగతి పక్కన పెట్టుకుని చూస్తే అది ఎక్కువ. మాత్ర గురించి కింద వివరంగా రాస్తాను, తొందరపడి మందుల షాపుకి వెళ్లొద్దు, అలాగని ఈ రిపోర్టు బీరువాలో పడేసి మర్చిపోవద్దు.

నేను గోదావరి పక్కన ఒక చిన్న ఊళ్లో జనరల్ ఫిజీషియన్‌ని, 29 ఏళ్ల ప్రాక్టీసు. మొదట్లో మా దగ్గరికి ఎక్కువగా జ్వరాలు, విరేచనాలు, దగ్గులు వచ్చేవి. ఇప్పుడు ఓపీలో కూర్చుంటే బీపీ, షుగరు, గుండె. ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 2003-04లో గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఏడాదిపాటు ఎవరు దేనివల్ల చనిపోయారో ఇంటింటికీ వెళ్లి రాసుకున్న అధ్యయనం ఒకటి ఉంది. దాదాపు మూడో వంతు చావులు గుండె, రక్తనాళాల జబ్బులవల్లే. పొలం పనులు చేసుకునే పల్లెల్లో, అదీ ఇరవై ఏళ్ల కిందట!

ఇక 81 శాతం సంగతి. అది భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేయించిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే సర్వేది, 2023లో వచ్చింది. 2008 నుంచి 2020 దాకా 31 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో 20 ఏళ్లు దాటిన లక్షా 13 వేల మందిని చూశారు, వాళ్లలో ప్రతి ఐదో మనిషికీ నరంలోంచి రక్తం తీసి కొలెస్ట్రాల్ పరీక్షలు చేశారు. టోటల్, ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్స్, ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి గీత దాటినా ఆ మనిషి లెక్కలోకి వస్తాడు. అలా కలిపితే 81.2 శాతం. అందులో టోటల్ 200 దాటినవాళ్లు 24 శాతం, ఎల్‌డీఎల్ 130 దాటినవాళ్లు సుమారు 21 శాతమే. మిగతా బరువంతా చాలావరకు హెచ్‌డీఎల్ తక్కువ ఉన్నవాళ్లది. ఇదే సర్వే మొదటి విడత తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో జరిగింది, దాని ఫలితాలు 2014లో వచ్చాయి. అప్పుడు హెచ్‌డీఎల్ తక్కువ ఉన్నవాళ్లు 72 శాతం, ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ ఉన్నవాళ్లు 29.5 శాతం, టోటల్ ఎక్కువ ఉన్నవాళ్లు 14 శాతం కూడా లేరు. (ఈ 14 కాస్తా 24 అయిపోయింది, పదేళ్లలో ఇంత పెరిగిందని ఎవరైనా రాస్తే నమ్మకండి, అప్పుడు చూసింది నాలుగు ప్రాంతాలనే, తర్వాత చూసింది దేశమంతా.)

అంటే మన దేశపు పెద్దవాళ్ల కొలెస్ట్రాల్ రిపోర్టుకి ఒక మూస ఉంది: టోటల్ చూడ్డానికి పర్వాలేదనిపిస్తుంది, మంచిదనుకునే హెచ్‌డీఎల్ తక్కువ, ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ. మీ రిపోర్టు అచ్చం ఆ మూసలో పోసినట్టే ఉంది. ఇందులో ఇబ్బంది ఏమిటంటే, హెచ్‌డీఎల్ కూడా టోటల్‌లో భాగమే కదా, అది తగ్గితే టోటల్ కూడా తగ్గి కనిపిస్తుంది. హెచ్‌డీఎల్ 60 ఉన్న మనిషి 214 వస్తే కంగారు పడతాడు, 34 ఉన్న మీరు 188 వచ్చిందని ఊపిరి పీల్చుకుంటారు. ఇద్దరికీ నాన్-హెచ్‌డీఎల్ 154 దగ్గరే!

దీన్ని ఇంత పట్టుబట్టి ఎందుకు చెప్తున్నానో ఒక కేసు రాస్తే అర్థమవుతుంది. రైస్ మిల్లులో గుమస్తా, 44 ఏళ్లు. ఒక ఆదివారం పొద్దున్నే టీవీఎస్ బండి మీద తనే నడుపుకుంటూ వచ్చాడు. ‘రాత్రి నుంచి గ్యాస్ పట్టేసిందండీ, రెండు సోడాలు తాగాను, తేన్పు రావట్లేదు’ అన్నాడు. చొక్కా వీపంతా చెమటతో అతుక్కుపోయి ఉంది, జనవరి నెలలో. అరచెయ్యి రొమ్ము మధ్యలో పెట్టి నొక్కుకుంటూ చూపించాడు. గ్యాస్ నొప్పిని మనుషులు మామూలుగా వేలితో చూపిస్తారు, గుండె నొప్పిని చాలామంది ఇలా అరచేత్తో చూపిస్తారు (ప్రతిసారీ ఇలాగే ఉండదు, అందుకే అనుమానం ఉంటే ఈసీజీ తియ్యాలి). ఈసీజీ కాగితం మిషన్లోంచి బయటికి వస్తుండగానే తెలిసిపోయింది. మాత్రలు నమిలించి, ఇంజెక్షన్ చేసి, అంబులెన్సులో స్టెంట్ వేసే ఆసుపత్రికి పంపాం. బతికాడు. తర్వాత వాళ్లావిడ సంచిలోంచి నెల కిందటి హెల్త్ క్యాంపు రిపోర్టు తీసి నా బల్ల మీద పెట్టింది. టోటల్ 176. దాని పక్కన పెన్నుతో టిక్కు పెట్టి ఉంది. ‘అన్నీ బాగున్నాయని చెప్పారు కదండీ, ఎందుకొచ్చింది?’ అని అడిగింది. అదే కాగితంలో కింద హెచ్‌డీఎల్ 29, ట్రైగ్లిజరైడ్స్ 240 ఉన్నాయి. రోజుకి పెట్టెడు సిగరెట్లు, నడుము 102 సెంటీమీటర్లు, అప్పటిదాకా ఎప్పుడూ చూడని షుగరు. ఆ టిక్కు మార్కు ఇప్పటికీ నా కళ్లముందు ఉంటుంది.

టోటల్ నార్మల్ ఉన్నా ఎందుకు వస్తుందంటే, ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ ఉన్నవాళ్లలో ఎల్‌డీఎల్ కణాలు (రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసుకెళ్లే బుల్లి రేణువులు) చిన్నవిగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. ఒక్కో కణం మోసే కొలెస్ట్రాల్ తక్కువ కాబట్టి బరువు తూచినప్పుడు ఎల్‌డీఎల్ 112 అని మామూలుగానే కనిపిస్తుంది, కానీ రక్తనాళం గోడలోకి దూరే కణాల లెక్క చూస్తే ఎక్కువే. పైగా చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవరు, టోటల్‌లోంచి హెచ్‌డీఎల్‌నీ, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతునూ తీసేసి రాస్తారు. మీదే చూడండి, 188లోంచి 34, 42 తీస్తే సరిగ్గా 112. ట్రైగ్లిజరైడ్స్ పెరిగేకొద్దీ ఈ లెక్క గాడి తప్పుతుంది, 400 దాటితే అసలు వాడకూడదు. నాన్-హెచ్‌డీఎల్‌కి ఈ బాధ లేదు. చెడ్డ కణాలన్నీ అందులోకే వస్తాయి, పరగడుపున ఉండక్కర్లేదు, అదనంగా ఒక్క రూపాయి ఖర్చు లేదు, తీసివేత వస్తే చాలు.

చాలామంది గుండె రక్తనాళాన్ని పంటకాలువలా ఊహించుకుంటారు, ఏటా కొంచెం కొంచెం మేట వేసి చివరికి పూడిపోతుందని. సగమే నిజం. ఆ మేట పడేది గోడ మీద కాదు, గోడ లోపల. అది ఒక సెగ్గడ్డలాంటిది. ఒకరోజు పైపొర చిట్లుతుంది, అక్కడ రక్తం గడ్డకడుతుంది, నిమిషాల్లో దారి మూసుకుపోతుంది. 40 శాతం అడ్డు ఉన్న చోట కూడా ఇలా జరగొచ్చు, అందుకే నెల కిందట ట్రెడ్‌మిల్ పరీక్ష బాగానే వచ్చిన మనిషికి కూడా గుండెపోటు వస్తుంది. ఆ గడ్డ తయారవడానికి రెండు మూడు దశాబ్దాలు పడుతుంది. ఎంత కొలెస్ట్రాల్ అన్నదెంత ముఖ్యమో, ఎన్నేళ్లుగా అన్నదీ అంతే ముఖ్యం. 41 ఏళ్లకే ఇంత కంగారెందుకు అని మీరు అనుకోవచ్చు, నేనైతే 25 ఏళ్లకే ఎందుకు చూసుకోలేదు అని అడుగుతాను. 2004లో వచ్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో 52 దేశాలను పరిశీలిస్తే, దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది, మిగతా దేశాల్లో దాదాపు 59కి. మీ నాన్నగారిది 52. అమెరికాలో కార్డియాలజిస్టులు 2018లో రాసుకున్న నియమాల్లో దక్షిణాసియా మూలాలుండడాన్నే ముప్పు పెంచే అంశంగా చేర్చారు, కాబట్టి డాలస్‌లో ఉన్న మన పిల్లలు కూడా అక్కడి డాక్టరు అడక్కపోయినా ఇంట్లో ఎవరికి ఏ వయసులో వచ్చిందో చెప్పడం మంచిది.

మరి ఎంత ఉండాలి? కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో మనవాళ్ల కోసం విడిగా నియమాలు ఇచ్చింది. ముప్పు తక్కువున్న మామూలు మనిషికి ఎల్‌డీఎల్ 100 లోపు, నాన్-హెచ్‌డీఎల్ 130 లోపు. షుగరో, బీపీయో ఉండి ముప్పు ఎక్కువున్నవాళ్లకు 70, 100. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లకు 55, 85. చూశారు కదా, అందరికీ ఒకే నార్మల్ అంటూ లేదు. ల్యాబు కాగితం మీద అచ్చయిన రేంజికి మీ నాన్నగారెవరో, మీ నడుమెంతో తెలియదు. మీ 154 అన్నిటికన్నా సడలింపు ఉన్న గీతను కూడా దాటేసింది.

హెచ్‌డీఎల్ పెంచుకోవాలని మాత్రం వెంటపడకండి. వాట్సాప్‌లో సగం చిట్కాలు దీని మీదే ఉంటాయి. మందులతో హెచ్‌డీఎల్ పెంచి చూశారు, నియాసిన్ అనే మందుతో చేశారు, ఇంకా కొత్త మందులతోనూ చేశారు, అంకె పెరిగింది గానీ అది పెరిగినందువల్ల గుండెపోట్లు తగ్గలేదు. ఒక మందు పరీక్షను చావులు పెరగడంతో 2006లో మధ్యలోనే ఆపేశారు. తక్కువ హెచ్‌డీఎల్ అంటే ఇంట్లో పొగ లాంటిది, పొగను విసనకర్రతో విసిరితే లాభం లేదు, ఎక్కడ కాలుతోందో చూడాలి. మనలో అది ఎక్కువగా పొట్ట దగ్గరి కొవ్వు, రాబోయే షుగరు, కదలకుండా కూర్చోవడం, పొగాకు.

ఇక్కడే తిండి సంగతి వస్తుంది. మా పేషెంట్లు కొలెస్ట్రాల్ అనగానే గుడ్డులో పచ్చసొన తీసేసి తెల్లసొన తింటామంటారు. పక్కనే కంచంలో అన్నం గుట్ట అలాగే ఉంటుంది. మన దేశంలో పెద్దవాళ్లకు అందే శక్తిలో 62 శాతం దాకా పిండిపదార్థాల నుంచే వస్తోందని అదే ఇండియాబ్ బృందం 2025లో లెక్క చెప్పింది. ఒంటికి ఖర్చుకాని అన్నం, చక్కెర కాలేయంలో ట్రైగ్లిజరైడ్స్‌గా మారతాయి. నేను రోజూ చెప్పేది ఒకటే, అన్నం మానొద్దు, సగం చెయ్యండి, ఆ ఖాళీలో పప్పు, కూర, చేప, ఉడికించిన శనగలు పెట్టండి. రాత్రి జొన్నరొట్టె తింటానంటే సరే, కానీ ఆరు రొట్టెలు తింటే అన్నం మానిన ఫలితం ఉండదు. మద్యం తాగే అలవాటుంటే ట్రైగ్లిజరైడ్స్ దిగవు, ఎంత నడిచినా. మా ల్యాబు టెక్నీషియన్ ఒకసారి ఒక ట్యూబు పట్టుకొచ్చి చూపించాడు. రక్తం తిప్పాక పైన తేలే సీరం మామూలుగా ఎండుగడ్డి రంగులో పల్చగా ఉంటుంది, ఆ ట్యూబులో చిక్కటి పాలు పోసినట్టుంది. 33 ఏళ్ల కుర్రాడిది, ట్రైగ్లిజరైడ్స్ 1,100 పైన. తాగుడు పూర్తిగా మాన్పించి, షుగరు అదుపులో పెట్టి, మందు కూడా ఇచ్చాక ఆరు వారాల్లో 260కి వచ్చాడు. ట్రైగ్లిజరైడ్స్ ఎంత త్వరగా పెరుగుతాయో అంత త్వరగా దిగుతాయి, అది మీకు మంచి వార్త.

నూనె గురించి రెండు ముక్కలు. డబ్బా మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని రాసి ఉంటే దానికి విలువ ఇవ్వొద్దు, ఏ మొక్క నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. చూడాల్సింది సంతృప్త కొవ్వు. పామాయిల్‌లో అది సగం దాకా ఉంటుంది, వేరుశనగ నూనెలో అయిదో వంతుకి అటూ ఇటూ, కొబ్బరి నూనెలో దాదాపు 90 శాతం. ఇంట్లో ఏ నూనె అన్నదానికంటే ఎంత నూనె అన్నది ముందు చూడండి. మనిషికి నెలకి ముప్పావు లీటరు దాటొద్దని నేను చెప్తాను, అందులో ఆవకాయ మీద తేలే నూనె కూడా లెక్కే.

ఇప్పుడు మాత్ర. మీకు గుండెజబ్బు లేదు కాబట్టి రేపే మొదలుపెట్టాలని నేను అనను. ముందు ఒక ఫిజీషియన్ దగ్గర కూర్చుని ఇవి చూపించుకోండి: బీపీ, మూడు నెలల షుగరు పరీక్ష హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ (అది తక్కువ పనిచేసినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది), నడుము కొలత (మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు). జీవితంలో ఒకే ఒక్కసారి లైపోప్రోటీన్ ఎ (ఎల్‌డీఎల్ లాంటిదే ఇంకో చెడ్డ కణం) పరీక్ష కూడా చేయించండి. అది పుట్టుకతో వచ్చేది, తిండితో మారదు, మనవాళ్లలో నలుగురిలో ఒకరికి 50 మిల్లీగ్రాములు దాటి ఉంటుందంటారు. చిన్న వయసులో గుండెపోటు వచ్చిన ఇళ్లలో దీన్ని తప్పక చూడాలి. మూడు నెలలు తిండి, నడక గట్టిగా పాటించి మళ్లీ పరీక్ష చేయించండి. అప్పటికీ నాన్-హెచ్‌డీఎల్ 130కి పైనే ఉంటే, లేదా ఆ పరీక్షల్లో ఏదైనా తేడా వస్తే, మీ కుటుంబ చరిత్ర చూసి నేనైతే చిన్న డోసు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) వైపే మొగ్గుతాను. నా సొంత తమ్ముడికి ఇలాంటి అంకెలే ఉంటే అదే చేశాను. ఎల్‌డీఎల్ సుమారు 39 పాయింట్లు తగ్గితే పెద్ద గుండె, మెదడు ప్రమాదాలు అయిదో వంతుకు పైగా తగ్గుతాయని లక్షల మంది మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసి తేల్చారు. ఇంతగా పరీక్షించిన మందులు చాలా తక్కువ.

దుష్ప్రభావాల భయం మీకూ ఉండే ఉంటుంది. కండరాల నొప్పులు కొందరికి నిజంగానే వస్తాయి, షుగరు అంచున ఉన్నవాళ్లకి కాస్త పెరగొచ్చు, గర్భం కోసం చూస్తున్న ఆడవాళ్లు వాడకూడదు. మూత్రం ముదురు రంగులోకి మారి ఒళ్లంతా విపరీతమైన నొప్పులుంటే వెంటనే ఆపి డాక్టర్ని కలవాలి. అయితే బ్రిటన్‌లో 2020లో ఒక ముచ్చటైన పరీక్ష చేశారు. నొప్పులని స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు మందేమీ లేని ఉత్త మాత్ర, ఏది ఏదో తెలియకుండా ఇచ్చారు. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్త మాత్రతోనూ వచ్చాయి. వాళ్ల నొప్పి అబద్ధమని కాదు, భయం కూడా నొప్పి పెడుతుంది. ‘కెమికల్ మందు’ అనేవాళ్లకి నేను చెప్పేది, మొదటి స్టాటిన్‌ని 1970ల్లో జపాన్‌లో అకిరా ఎండో బూజులోంచే తీశారు, పెన్సిలిన్ పుట్టింది కూడా బూజులోంచే కదా.

ఇంకొక మాట, ఇది మీకు వర్తించకపోయినా చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుంది. ఎల్‌డీఎల్ 190 దాటితే మూడు నెలలు ఆగి చూద్దాం అనే ప్రసక్తి లేదు. సుమారు 250 మందిలో ఒకరికి ఇది వంశపారంపర్యంగా వస్తుంది. మడమ వెనక నరం లావుగా తాళ్లలా ఉండడం, వేళ్ల కణుపుల మీద గట్టి బుడిపెలు కనిపించడం గుర్తులు. నాకు గుర్తున్న ఒక డిగ్రీ కుర్రాడు చెప్పులు మడమకి ఒరుసుకుంటున్నాయని వచ్చాడు. ఎల్‌డీఎల్ 262. వాళ్లమ్మకి, చెల్లికి కూడా అలాగే ఉంది. ఇంట్లో ఒకరికి దొరికితే అందరికీ చూడాలి.

చివరిగా మీ నాన్నగారు. నిజానికి మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ కంగారుపెట్టింది ఇదే. మా దగ్గర 58 ఏళ్ల ఒక టీచరమ్మ, షుగరు ఉంది, స్టెంట్ వేయించుకుంది, ఎల్‌డీఎల్ 74కి వచ్చింది. ‘నార్మల్ వచ్చింది కదా డాక్టరుగారూ, ఇంకెందుకు’ అని నాకు చెప్పకుండా మాత్ర మానేసింది. ఏడాది తర్వాత రెండో పోటుతో వచ్చింది, అప్పుడు చూస్తే 138. ఆ 74 మాత్ర వల్ల వచ్చిన అంకె, మాత్ర ఆపితే కొన్ని వారాల్లోనే పాత చోటికి వెళ్లిపోతుంది. స్టెంట్ వేసింది ఒక్క చోట, కొలెస్ట్రాల్ తిరిగేది అన్ని రక్తనాళాల్లో. ఆయనకు కావలసింది 55 లోపు, ల్యాబు కాగితం చెప్పే నార్మల్ ఆయనకు వర్తించదు. మానేసి ఎన్నాళ్లయిందో, రక్తం పల్చబడే మాత్ర కూడా మానేశారేమో ఈ రాత్రే ఫోన్ చేసి కనుక్కోండి. పాత చీటీ, ఆ కొత్త రిపోర్టు రెండూ పట్టుకుని ఈ వారంలోనే కార్డియాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. మీ పరీక్షలకు పదిరోజులు ఆలస్యమైనా పర్వాలేదు, ముందు ఆయన్ని చూపించండి.